సవరణ: లెసోతో పథకంలో కుట్ర లేదు

దక్షిణాఫ్రికా మధ్యలో ఉన్న చిన్న దేశం లెసోతోలోని థాబా-త్సెకా అభివృద్ధి పథకంపై మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫెర్గూసన్ చేసిన అధ్యయనాన్ని పరిచయం చేస్తూ, అక్కడి కొండప్రాంతంపై ప్రభుత్వం పట్టు బిగించడానికే ఆ పథకాన్ని పన్నారని ఆయన తేల్చినట్టు గత వ్యాసంలో రాశాను. అది తప్పు. ప్రపంచ బ్యాంకు, కెనడాల సహాయంతో 1975లో మొదలైన ఆ పథకం, దక్షిణాఫ్రికా గనుల్లో పనిచేసే మగవారి సంపాదన మీద బతుకుతున్న కుటుంబాలను బయటి మార్కెట్‌తో సంబంధం లేని రైతులుగా భావించి, సాగులోనూ పశుపోషణలోనూ అనుకున్నది సాధించలేకపోయింది. అయినా దాని కోసం వేసిన రోడ్డు, వెలసిన కార్యాలయాల మూలంగా ప్రభుత్వ యంత్రాంగం ఆ కొండల్లోకి విస్తరించింది. పేదరికం రాజకీయ ప్రశ్నగా కాక సాంకేతిక సమస్యగా మాత్రమే చర్చకు వచ్చింది. ఈ ఫలితం ఎవరి పన్నాగమూ కాదన్నదే, నా దృష్టిలో, ఫెర్గూసన్ వాదనలోని అసలు బలం. నా వాక్యం సరిగ్గా దాన్నే చెరిపేసింది.