వీపీఎన్‌కి ఓ లస్కరు కావలెను

ఇంట్లోంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే దొడ్డిదారి వీపీఎన్. అది కనెక్ట్ కాకపోతే ఫిర్యాదు చెయ్యాల్సిన పేజీ దాని లోపలే ఉంటుంది. ఈ ఏర్పాటు కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి ఇంతవరకూ ఓ శాలువా అయినా కప్పకపోవడం విచారకరం. గోదావరి డెల్టాలో ఎన్ని ఊళ్ళలో చూసినా గుర్రమెక్కిన కాటన్ దొర కనిపిస్తాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852 కల్లా పూర్తిచేసి నీళ్ళిచ్చినందుకు ఆ గౌరవం. పారించినవాడికే అంత చేస్తే, ఇంట్లో కూర్చున్న ఉద్యోగికీ ఆఫీసు సర్వరుకీ మధ్య చుక్క కూడా కారకుండా అడ్డుకట్ట వేసినవాడికి ఎంత చెయ్యాలి? దొర పక్కనే తిరిగే కుర్చీలో, చేతిలో ఫిర్యాదు టికెట్ నంబరుతో ఆయన విగ్రహం కూడా పెట్టడం సమంజసమని మనవి.

ఆయన సృష్టిలో కెల్లా గొప్పది పాస్‌వర్డ్ గడువు. తొంభై రోజులకోసారి తీరుతుంది, తీరేది కూడా సోమవారం పొద్దున్న మీటింగుకి ముందే. ఊరికే గడువులు పెట్టి పాస్‌వర్డ్‌లు మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ భద్రతా సిఫారసుల్లోంచి ఆ గడువు తీసేసింది. ఈ కబురు మన ఆఫీసులకి ఇంకా అందలేదు. ఆ ఉత్తరం కూడా వీపీఎన్ లోపలే ఎక్కడో పడి ఉండాలి.

గడువు తీరిన పాస్‌వర్డ్‌ని చాలా ఆఫీసుల్లో ఫోన్లోనే మార్చుకోనిస్తారు. అసలు కథ ఆ తర్వాత. లాప్‌టాప్ ఆఖరిసారి ఆఫీసుతో మాట్లాడినప్పుడు ఏ పాస్‌వర్డ్ ఉందో దాన్నే నమ్ముకుని కూర్చుంటుంది. కాబట్టి తెర తెరవడానికి పాతది, వీపీఎన్‌కి కొత్తది. ఇది తెలియనివాడు గుమ్మం బయటే ఆగిపోతాడు. తెలిసినవాడు పాతది కొట్టి లోపలికెళ్ళి, అదే ఊపులో వీపీఎన్‌కీ పాతదే కొడతాడు. ఈ రెండు గండాలూ దాటినవాడి కోసం జేబులో ఫోను కాచుకుని ఉంటుంది. అందులో ఆఫీసు మెయిల్ ఉంది కదా, పాస్‌వర్డ్ మారిందని దానికెవరు చెప్పారు? పాతది పట్టుకుని పదేపదే సర్వరు తలుపు కొడుతుంది. నాలుగైదు తప్పులు పడగానే అకౌంటు లాక్. హెల్ప్‌డెస్క్ విప్పుతుంది, ఫోను మళ్ళీ బిగిస్తుంది. ఎవరి డ్యూటీ వాళ్ళు నిష్ఠగా చేస్తుంటారు.

హెల్ప్‌డెస్క్ అంటే జ్ఞాపకమొచ్చింది.

“సార్, సిస్టమ్ రీస్టార్ట్ చేశారా?”

“చేశానండి.”

“ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్నారా సార్?”

“అందులోకి వెళ్ళలేకే కదండీ మీకు ఫోన్ చేసింది.”

“ఓకే సార్. ఓసారి ఆఫీసు నెట్‌వర్క్‌కి కనెక్టయి, పోర్టల్‌లో టికెట్ పెట్టండి.”

మనిషి అమలాపురంలో, ఆఫీసు హైదరాబాదులో. రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి కనెక్టవ్వచ్చు. ఆ కుర్రాడి తప్పేం లేదు, తెర మీద రాసింది చదువుతున్నాడు పాపం. పడక్కుర్చీలో పేపరు చూస్తున్న బాబాయే ఉండబట్టలేక అడుగుతాడు: “ఒరేయ్, వాళ్ళు నిన్ను ఉద్యోగంలోంచి తీసేసి, మొహమాటానికి చెప్పలేదేమోరా?”

ఇక ఓటీపీ. యాప్‌లో వచ్చే కోడ్‌కి సిగ్నలుతో పనిలేదు. ఫోను గడియారం సరిగ్గా ఉంటే చాలు, ముప్ఫై సెకన్లకోసారి కొత్త ఆరంకెలు తనే లెక్కగట్టి ఇస్తుంది. కానీ కొన్ని ఆఫీసులకి ఎస్సెమ్మెస్సే ముద్దు. వైఫై హాల్లో ఉంటుంది. సెల్ సిగ్నలు డాబా మీద, రెండు కొబ్బరిచెట్ల సందున పిట్టగోడ మూల దొరుకుతుంది. తమ్ముడు పైనుంచి “ఏడు, నాలుగు, నాలుగు, సున్నా...” అని కేకేస్తే అన్నయ్య కింద కొడతాడు. “రెండోది ఒకటి కాదు నాయనా, నాలుగన్నాడు” అని పక్కింటి పిన్నిగారు గోడ మీంచి సరిచేస్తారు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి అన్న హెచ్చరిక కూడా అదే మెసేజ్‌లో ఉంటుంది. తమ్ముడు దాన్నీ గట్టిగానే చదువుతాడు.

పాస్‌వర్డ్‌లు తీగ మీద బట్టబయలుగా పోయే టెల్‌నెట్ అనే పాత పద్ధతి రోజుల్లో, ఫిన్లాండ్‌లో ఓ యూనివర్సిటీ నెట్‌వర్క్ మీద ఎవడో కాపుకాసి వాటిని పట్టేస్తే, తాతు యులోనెన్ అనే పరిశోధకుడు కడుపుమండి 1995లో అన్నిటినీ గుట్టుగా పంపే ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాం రాశాడు. అప్పట్నుంచీ ఉన్న గణితమంతా ఉపయోగించి గుట్టు కాపాడుతున్నారు. అంత గుట్టూ మా వీధిలో పిట్టగోడ దాకా వచ్చి రట్టయిపోతోంది.

ఇన్నీ దాటి కనెక్టయినా సర్వరు కనబడకపోవచ్చు. ఇంటి రౌటరూ ఆఫీసూ రెండూ 192.168.1 వరస అడ్రసు నంబర్లే వాడుతుంటే, లాప్‌టాప్ ఆఫీసు సర్వరుని ఇంట్లోనే వెతుకుతుంది. రౌటరు సెట్టింగుల్లో చివరి ఆ ఒకటిని ఇంకో నంబరుకి మారిస్తే తీరిపోయే గొడవ. హెల్ప్‌డెస్క్ జవాబు మాత్రం “మా వైపు అంతా బానే ఉంది సార్.” ఉంటుంది మరి, వాళ్ళు లోపలున్నారు కదా.

2022 మేలో కోనసీమలో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు మన కుర్రాళ్ళు లాప్‌టాప్‌లు సంకనెట్టుకుని సిగ్నలు కోసం గోదారి గట్టుకి చేరారు. నెట్ లేకపోతే వెతికి పట్టుకునే రకం. అలాంటివాళ్ళని కూడా గడువు తీరిన పాస్‌వర్డ్ ఒక్కటి కుర్చీలోంచి లేవనివ్వడం లేదు.

కాలవ మీద ఈ బాధ లేదు. శివారు చేనుకి నీరందకపోతే రైతు నేరుగా కాలవ షట్టర్లు చూసుకునే లస్కరు ఇంటికెళ్ళి తలుపు కొడతాడు. లస్కరు విసుక్కుంటాడు, తువ్వాలు భుజానేసుకుంటాడు, వస్తాడు. షట్టరు కింద గుర్రపుడెక్క పేరుకుందో, కొబ్బరిమట్ట అడ్డం పడిందో వంగి చూసి చెప్తాడు. మా వైపు బానే ఉందనడు. అంటే రైతు ఊరుకోడు.

కాబట్టి ప్రతి ఆఫీసూ తన వీపీఎన్‌కి ఓ లస్కరుని వేసుకోవాలని ఇందుమూలంగా ప్రతిపాదిస్తున్నాను. అర్హతలు: నెట్‌వర్క్ బయట కాపురముండాలి. లాక్ అయిన అకౌంటు విప్పేముందు, “ఫోన్లో మెయిల్ పాస్‌వర్డ్ మార్చావా అబ్బాయ్?” అని అడగాలి. పాత టికెట్ మూసేసి కొత్తది పెట్టమనకూడదు. వేళకాని వేళ ఫోను చేసినా ఎత్తి “ఆయ్, చెప్పండి” అనాలి. వేతనం అనుభవాన్ని బట్టి. దరఖాస్తులు పోర్టల్‌లో తీసుకోబడవు.