‘బెంగళూరులో అడిగేవాడే లేడు’: ఈ మాటలో నిజమెంత?

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "ఊళ్లో తప్పు చేస్తే పదిమంది అడిగేవాళ్లు. అందుకే అందరూ బుద్ధిగా ఉండేవాళ్లు. పట్నంలో అడిగేవాడే లేడు. కట్టుబాటు పోయింది, ఇక మిగిలింది పోలీసు, సీసీ కెమెరా. సామాజిక శాస్త్రం తేల్చింది కూడా ఇదే." చివరి వాక్యంతోనే మొదలుపెట్టాలి. మిగతా వాటికి బలం దాన్నుంచే వస్తోంది మరి.

"సామాజిక శాస్త్రం తేల్చింది"

తేల్చలేదు. ఈ వాదనకు దగ్గరగా ఉన్నది 1938లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త లూయిస్ వర్త్ రాసిన వ్యాసం. జనసంఖ్య, ఇరుకు, రకరకాల మనుషులు ఒకచోట చేరడం అనే మూడూ పెరిగితే ముఖాముఖి దగ్గరి బంధాలు సడలి, అదుపు చట్టం చేతికి పోతుందని ఆయన అన్నాడు. సందేశం రాసినవాళ్లు అక్కడే ఆగిపోయారు. శాస్త్రం ఆగలేదు.

మరో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్ బృందం చికాగోలో 343 పేటల్లో 8,782 మందిని అడిగి, ఫలితాలను 1997లో ప్రచురించింది. ప్రశ్నలు చాలా మామూలువి. పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి మలుపులో తిరుగుతుంటే మీ ఇరుగుపొరుగు కల్పించుకుంటారా? గోడలు పాడుచేస్తుంటే? ఇంటి ముందు కొట్లాట జరుగుతుంటే? ఊరు ఒక్కటే, జవాబులు మాత్రం పేటపేటకూ మారాయి. ఒకరినొకరు నమ్మి, అవసరమైతే కల్పించుకుంటారన్న చోట హింస తక్కువగా కనిపించింది. పేదరికం ప్రభావాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది. జనం ఎక్కువకాలం కుదురుగా ఉన్న పేటల్లో ఈ గుణం ఎక్కువ.

దీన్ని బెంగళూరులోని మారతహళ్లికి తెచ్చి చూడండి. అద్దె అగ్రిమెంట్ 11 నెలలకే ఎందుకు రాస్తారు? ఏడాది దాటిన లీజుకు 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి. చాలామంది రెన్యూ చేసుకుంటారు, నిజమే. కానీ ప్రతిసారీ అద్దె పెరుగుతుంది, కొందరు సామాన్లు సర్దుతారు. వచ్చే ఏడు ఇక్కడ ఉంటామో లేదో తెలియనివాళ్లు పక్కింటి పిల్లాణ్ణి "ఏరా, బడికి పోలేదా?" అని అడగరు. ఆ తప్పును పట్నం మీద కాదు, అగ్రిమెంటు మీద వేయాలి.

"అడిగేవాడే లేడు"

ఈ మాట అన్నవాళ్లు బెంగళూరులో ఇల్లు వెతికి ఉండరు. ఏం చేస్తారు, ఎంతమంది ఉంటారు, పెళ్లయిందా, వెజ్జా నాన్‌వెజ్జా? ఓనరు కూడా తెలుగువారైతే ఇంకొకటి: "ఇంటిపేరేంటండీ?" వంశవృక్షం మీద ఆసక్తితో వేసే ప్రశ్న కాదది. కులం అడక్కుండా కులం తెలుసుకునే పద్ధతి. ఆ తర్వాత అడ్వాన్సు. పది నెలల అద్దె అన్న లెక్క ఆచారం పెట్టింది, చట్టం కాదు. కేంద్రం 2021లో రాష్ట్రాల ముందుంచిన నమూనా చట్టం ఇళ్లకు రెండు నెలలు మించొద్దంది. పది నెలల సొమ్ము ఓనరు చేతిలో ఉన్నంతకాలం, రాత్రి పదకొండుకు గట్టిగా నవ్వాలన్నా అద్దెకున్నవాడు ఒకసారి ఆలోచిస్తాడు. ఖాళీ చేసే రోజున పెయింటింగ్ పేరుతో ఎంత కోస్తారో ఎవరికి తెలుసు!

పీజీలో గేటు వేళలు, అపార్ట్‌మెంట్‌లో గేటు యాప్, "బ్యాచిలర్లకు ఇవ్వం" అన్న అసోసియేషన్ తీర్మానం కూడా ఈ కోవలోవే. సమాజం తన మనుషుల్ని అదుపులో పెట్టే పద్ధతులన్నిటినీ సామాజిక నియంత్రణ అంటారు. ఆ భావనకు 1901లో పుస్తకమంత వివరణ ఇచ్చిన ఎడ్వర్డ్ రాస్ చట్టంతో పాటు లోకాభిప్రాయం, ఆచారం, మతం, చదువులను కూడా అందులో చేర్చాడు.

"మిగిలింది పోలీసు, కెమెరా"

చీటీ సంగతి చూద్దాం. ఇరవైమంది, నెలకు 5,000, మొత్తం లక్ష. రెండో నెల ఒకామె 20,000 తగ్గించి పాడి, 80,000 ఎత్తుకుంది. ఆ ఇరవై వేలలో నడిపేవారి కమిషన్ 5,000 పోగా మిగిలిన 15,000 ఇరవైమందికీ పంచితే తలా 750. ఎత్తుకున్నామెకు ఇంకా 18 వాయిదాలున్నాయి. ఎగ్గొట్టాలంటే ఆమెకు ఇంతకన్నా మంచి సమయం రాదు. మరి ఎందుకు కడుతుంది?

పోలీసు భయంతో కాదు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపకూడదు. కాబట్టి అనుమతి లేని ఇంటి చీటీ నడిపేవారికి స్టేషన్ మెట్లెక్కే ఉత్సాహం ఉండదు. పట్టు వేరేచోట ఉంది. కొత్తవాళ్లకు తొలి నెలల్లో పాట ఇవ్వరు. ఇస్తే జామీను అడుగుతారు, అదీ ఇంకా చీటీ ఎత్తనివాళ్లతోనే. వాయిదా తప్పితే జామీనిచ్చినవాళ్ల చీటీలోంచి పట్టుకోవచ్చు గనుక. ఐదు రోజులు ఆలస్యమైతే ఆమెకు ఫోను, పది రోజులైతే ఆమెను చేర్పించిన వదినకు ఫోను, ఆ తర్వాత నెల్లూరులో అత్తగారింటికి.

చీటీలు ఎక్కడ మునుగుతాయో చూసినా ఇదే తెలుస్తుంది. జామీనిచ్చినవాళ్లు కూడా అప్పటికే ఎత్తేసుకుని ఉండటం ఒకటి. ఫోన్ గ్రూపులో ముక్కూముఖం తెలియనివాళ్లను చేర్చుకోవడం రెండోది. వాళ్ల అత్తగారి ఊరేదో ఎవరికీ తెలియదు.

సామాజిక శాస్త్రం 'సంస్థ' (ఇన్‌స్టిట్యూషన్) అనేది కూడా ఇలాంటిదాన్నే. తెలుగులో ఆ మాట అనగానే బోర్డు, ఆఫీసు గుర్తొస్తాయి. 'వ్యవస్థ' అంటే నయం. వివాహ వ్యవస్థకు ఆఫీసు లేదు, చీటీకీ లేదు. అందరికీ తెలిసిన పాత్రలు, నియమాలు, తప్పితే పడే శిక్ష ఉంటాయి, అంతే.

"ఊళ్లో అందరూ బుద్ధిగా ఉండేవాళ్లు"

అడిగే ఆ పదిమంది ఎవరన్నది సందేశం చెప్పదు. తర్వాత బెంగళూరులోనే స్థిరపడిన సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని ఒక ఊళ్లో ఉండి పరిశీలించాడు. భూమి, సంఖ్యాబలం ఉన్న కులం పెద్దలు తమ కులం తగవులే కాక ఇతర కులాల తగవులు కూడా తీర్చేవాళ్లు. దానికే ఆయన ఆధిపత్య కులం అని పేరు పెట్టాడు. రచ్చబండ మీద అడిగేవాళ్లు, అడిగించుకునేవాళ్లు వేరువేరు. వెలి వేస్తే బావి, కొట్టు, కూలి ఒక్కసారే మూసుకుపోయేవి. దాన్ని బుద్ధి అనడం కష్టం.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్కైమ్ కూడా 1897లోనే, ఆత్మహత్యల మీద రాసిన పుస్తకంలో, రెండు వైపులా చూపించాడు. కట్టుబాటు మరీ సడలినా ప్రాణం తీస్తుంది, మరీ బిగిసినా తీస్తుంది. సందేశాల్లో తిరిగేది మొదటి సగమే.

పోనీ, నిజంగా ఒంటరిగా దిగిన మనిషినే తీసుకుందాం. పాలమూరు నుంచి కట్టడం పనికి వచ్చిన కూలీ, రేకుల షెడ్డులో ఉంటాడు, కన్నడం రాదు, పక్క వీధిలో ఎవరూ తెలియదు. సందేశం లెక్కన అతన్ని అడిగేవాడు ఉండకూడదు. కానీ కూలీలను పనికి తెచ్చే గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఊళ్లోనే ఇచ్చాడు, అతని నాన్న చేతికి. సైటు వదిలి వెళ్తే ఇక్కడెవరూ ఆపకపోవచ్చు. మర్నాడు పొద్దున మేస్త్రీ మనిషి ఊళ్లో వాళ్ల నాన్న గడపలో నిలబడి అడుగుతాడు.