లైటు ఆర్పితే ట్యూనింగా?

2015లో ఫోక్స్‌వ్యాగన్ బండారం బయటపడినప్పుడు దాన్ని దుమ్మెత్తిపోయనివారు లేరు. పొగ పరీక్షలో ఒక తీరుగా, రోడ్డెక్కాక మరో తీరుగా నడిచే సాఫ్ట్‌వేర్ ఉన్న డీజిల్ కార్లు, కంపెనీయే ఒప్పుకున్న లెక్క ప్రకారం, కోటీ పది లక్షలు. ఇప్పుడు ఇంజిన్‌కు గాలి ఎక్కువ అందాలని బిగించే ఎయిర్ ఇన్‌టేక్ కిట్‌కు తోడుగా, లోపం ఉందని హెచ్చరించే చెక్ ఇంజిన్ లైటు వెలగకుండా చేసే సాఫ్ట్‌వేర్ ఫైలు అమ్ముతుంటే మాత్రం చప్పట్లు! కంపెనీ చేస్తే మోసం, మన బానెట్ కింద చేస్తే హుషారా?

కారు కొన్నవాడిది, మార్చుకునే ఇష్టమూ వాడిదే అంటారు. కాదనం. కానీ ఆ లైటు ఎందుకు వెలుగుతోందో చూడాలి కదా.

ఇన్‌టేక్ పైపులో కూర్చుని గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ తన మీదుగా పోయే గాలిని మాత్రమే గమనించి, మొత్తం గాలిని లెక్కగడుతుంది. 70 మి.మీ. పైపు తీసి 76 మి.మీ.ది బిగిస్తే లోపలి వైశాల్యం దాదాపు 18 శాతం పెరుగుతుంది. గాలి అంతే వచ్చినా నెమ్మదిగా పోతుంది. గాలి తగ్గిందనుకుని ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, పెట్రోలు కోస్తుంది. మామూలు వేగంలో, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టే ఆక్సిజన్ సెన్సర్ చూసి సర్దుకుంటుంది. సర్దుబాటు హద్దు దాటితే, మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని చెప్పే పి0171 కోడ్ వేసి ఆ లైటు వెలిగిస్తుంది. చాలా కార్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆ దిద్దుబాటు పనిచేయదు. మిశ్రమం పలుచనై నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం, మొదలైతే దెబ్బ పిస్టన్‌కే. ఫిల్టర్‌కు నూనె అతిగా పట్టించినా అంతే, సెన్సర్ తీగ మీద పేరుకుని లెక్క తప్పిస్తుంది.

పోనీ అంత తంటాతో వచ్చేదేమిటి? బానెట్ కింద అడ్డుగోడ లేకుండా తెరిచి పెట్టిన కోన్ ఫిల్టర్ పీల్చేది రేడియేటర్ వెనక వేడిగాలిని. గాలి 3 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 1 శాతం పడిపోతుంది. టర్బో లేని ఇంజిన్‌లో చాలాసార్లు పెరిగేది చప్పుడే. ఫిల్టర్‌తో వచ్చే కంపెనీ పెట్టె గ్రిల్ దగ్గరి చల్లగాలిని లాగేలా చేసింది ఊరికే కాదు.

ట్యూనింగ్ తెలిసినవాడు ముందు కారు ఉన్నదున్నట్టుగా సెన్సర్ల లెక్కలు నమోదు చేసే డేటా లాగ్ తీస్తాడు. కొత్త పైపుకు తగ్గట్టు ఈసీయూలోని ఎంఏఎఫ్ పట్టిక తిరగరాస్తాడు. మిశ్రమాన్ని కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో సరిచూసుకున్నాకే ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ పడే వేళ, ఒక్కో డిగ్రీ కదిలిస్తాడు, నాక్ కనిపిస్తే వెనక్కి తగ్గుతాడు. ఇది చేతకానివాడు కోడ్‌నే ఆపేస్తాడు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసినవాడు, అది సరిగా పనిచేయడం లేదని చెప్పే పి0420 కోడ్‌ను ఆపేస్తాడు. పరీక్షకు ఒక ముఖం, రోడ్డుకు ఒక ముఖం: 2015లో తిట్టింది దీన్నే కదా?

ఇలాంటి ఫైలు అమ్మేవాడిని ట్యూనర్ అనడం మానాలి. తనిఖీకి ముందు రోజు పాత ఫైలు ఎక్కించుకుని, మర్నాడు మళ్లీ మార్చుకునే పెద్దమనిషికి ఆ కంపెనీని తిట్టే నోరు ఎక్కడిది?