కజ్జికాయలు తిన్న రాహువు

2025 సెప్టెంబరు 7, రాత్రి 11 కావస్తోంది. ఎర్రగుంట్లలో ఒక మిద్దె మీద నులక మంచం. మంచం కింద కజ్జికాయల డబ్బా, మూత మీద దర్భపోచ. అక్కకు 66. తమ్ముడికి 60, సిమెంటు ఫ్యాక్టరీలో రిటైరయ్యాడు.

అక్క: చెయ్యి మంచం కిందికి పోతోందేమిరా?

తమ్ముడు: చెప్పుల కోసం వెతుకుతున్నా.

అక్క: కాళ్ళకున్నవేంటి మరి? గ్రహణం విడుపు ఒకటిన్నరకు. అంతవరకు డబ్బా ముట్టుకోకు.

తమ్ముడు: అది భూమి నీడ అక్కా! సూర్యుడికీ చంద్రుడికీ మధ్య మనం అడ్డమొచ్చాం, అంతే.

అక్క: నువ్వు పుట్టినప్పటి నుంచీ అడ్డమే. 71లో గ్రహణం రాత్రి నీ వల్లే నాకు తన్నులు పడ్డాయి.

తమ్ముడు: ఆ గ్రహణం వరసే ఇది, తెలుసా? 223 పౌర్ణములు గడిస్తే, అంటే సుమారు 18 ఏళ్ళ 11 రోజుల 8 గంటలకు, సూర్యుడు, భూమి, చంద్రుడు ముగ్గురూ దాదాపు పాత చోట్లకే వచ్చి నిలబడతారు. దాన్ని సారోస్ అంటారు.

అక్క: సారా మాటెత్తితే మరదలికి ఫోన్ చేస్తా.

తమ్ముడు: సారా కాదు మహాతల్లీ, సారోస్! ఆ 8 గంటల దగ్గరే తిరకాసు. అచ్చం మా షిఫ్టులే. 1971 ఆగస్టులో నడిరాత్రి ఒంటిగంటకు నైట్ షిఫ్టు. 1989లో పొద్దున ఎనిమిదిన్నర, 2007లో సాయంత్రం నాలుగు. రెండూ మనకు పగలే, ఏం కనపడుతుంది? మూడు షిఫ్టులు తిరిగేసరికి 54 ఏళ్ళు పట్టి మళ్ళీ నైట్ షిఫ్టు.

అక్క: మరి వచ్చే మార్చి 3న కూడా గ్రహణమన్నాడే పంతులు?

తమ్ముడు: అది వేరే బ్యాచ్. ఇట్లాంటి వరసలు చాలా ఒకేసారి నడుస్తుంటాయి.

అక్క: 71లో చాలాసేపు ఎర్రగా ఉండె.

తమ్ముడు: గంటా 40 నిమిషాలు. నీడ నట్టనడుమ నుంచి పోయింది. ఈసారి కాస్త పక్కకు జరిగింది, గంటా 22 నిమిషాలే.

అక్క: చూశావా, పాతకాలం సరుకే గట్టిది.

(చివరి తెల్లటి అంచు కూడా పోయింది. తోమని రాగిచెంబులా ఉన్నాడు చంద్రుడు.)

అక్క: ఎందుకట్లా ఎర్రబడ్డాడు?

తమ్ముడు: భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వచ్చే వెలుతురులో ఎరుపే మిగులుతుంది.

అక్క: నేనేమో దొంగ దొరికిపోయాడనుకున్నా. అమ్మ లెక్కపెట్టి 21 కజ్జికాయలు దాచింది. తెల్లారేసరికి 17. పెద్దదాన్నని వీపు నాది పగిలింది. మళ్ళీ ఈ వరస గ్రహణం మన రాత్రికి ఎప్పుడు?

తమ్ముడు: 2079 అక్టోబరు 10.

అక్క: నాకు 120 వస్తాయి. అంతదాకా ఆగలేను, ఇప్పుడే చెప్పు. ఎవరు తిన్నారు?

తమ్ముడు: రాహువు.

(కాసేపు మాటల్లేవు. డబ్బా మూత టప్‌మంది.)

అక్క: ఎవరది?

తమ్ముడు: (నోటి నిండా కొబ్బరితో) లావువు...

అక్క: రాహువుకు తలకాయ ఒక్కటే కదరా. మొండెం ఇక్కడ ఆకలితో కూర్చుంది, ఒకటి ఇటు పారెయ్.