పులికి ఐతారం డ్యూటీ వేయాలి

పట్నం నుంచి శ్రీశైలం రోడ్డున సుమారు 140 కిలోమీటర్లు కారు తోలి, మన్ననూరు చెక్‌పోస్టు దాటి వచ్చిన పౌరుడికి పులి కనిపించలేదంటే అది వినియోగదారుడి హక్కులకు భంగమే. అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి 2,611 చదరపు కిలోమీటర్ల జాగా ఉంది. అంత జాగా ఇచ్చి, ఫరహాబాద్ సఫారీ బాట పక్కనే మసలాలని పులితో ఒక కాగితం రాయించుకోకపోవడం ప్రభుత్వ లోపం.

పులి వాదన వేరు. పగలంతా నీడ పట్టున పడుకుంటుంది, పొద్దు గూకినంక తిరుగుతుంది. దాన్ని చూడాలంటే ఎండ ముదరకముందు మొదటి జీపు ఎక్కాలట. నడుమ ఇంజను ఆపి పది నిమిషాలు నోరు మూసుకుంటే దుప్పి కూతను బట్టి, చెట్టు మీది కొండముచ్చు అరుపును బట్టి పులి ఎటు కదులుతోందో తెలుస్తుందట. పది నిమిషాలు! దావత్‌కు వచ్చిన మనిషిని మౌనవ్రతం పట్టమనడం ఏం మర్యాద? స్పీకర్‌లో పాట ఆగదు. పులే కూత వేసుకుంటూ ఎదురు రావాలి.

అడవంటే ‘ఏడాది పొడవునా వినోదం’ అనుకుంటాం కదా, ఆ లెక్కా చూద్దాం. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా సఫారీ బంద్. బాటలు బురదవుతాయి, జంతువులకు కాస్త ఏకాంతం కావాలంటారు. మన ఇళ్లల్లో దొరకని ఏకాంతం అడవిలో అడగడమే విడ్డూరం. తీరా ఈ అడవిలోని మల్లెల తీర్థం జలపాతానికి నీళ్లొచ్చేది ఆ వానలకే. ఏప్రిల్‌లో వెళ్తే బండ మీద సన్నటి ధార చూసి రావాలి. తెలిసినవాళ్లు అక్టోబర్, నవంబర్‌లలో పోతారు, నీళ్లూ ఉంటాయి, పచ్చదనమూ ఉంటుంది. తెలియనివాళ్లు హవాయి చెప్పులతో సుమారు 350 మెట్లు హుషారుగా దిగి, నాచు మీద జారి, ఎక్కేటప్పుడు ప్రతి ఇరవై మెట్లకూ ఒక దేవుణ్ని తలుచుకుంటారు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు స్టీలు సీసాలో తెచ్చుకోవాలన్న మాట అప్పుడు గుర్తొస్తుంది. ప్లాస్టిక్‌కు అనుమతి లేదు మరి. ఉప్పు వాసనకు దుప్పులు కవర్లు మింగి, అది కడుపులో ఉండకట్టి చస్తాయి. ఇంత చిన్న విషయానికి మనల్ని ఇబ్బంది పెట్టడం ఏమిటో!

ఇక ఎండాకాలం, అంటే అసలైన దావత్ కాలం. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకు రాలి, గడ్డి ఎండి, అగ్గిపుల్ల కోసం కాచుకుని ఉంటుంది. అడవి సిబ్బంది మంట దాటకుండా బాటల వెంట ఆకులు ఊడ్చి ఖాళీ పట్టీలు తీస్తారు, జంతువులు తాగే సాసర్ గుంతల్లో ట్యాంకర్లతో నీళ్లు నింపుతారు. సరిగ్గా అక్కడికే మూడు రాళ్లు, ఒక కోడి, కిలో మసాలా వస్తాయి. అభయారణ్యంలో పొయ్యి పెట్టడమే నేరమన్నది చిన్న అభ్యంతరం. తిన్నాక బొగ్గుల మీద నాలుగు గుప్పిళ్ల మన్ను చల్లి ‘ఆరిపోయింది’ అని లేస్తారు. మన్ను కింద నిప్పు అలాగే ఉంటుంది, మధ్యాహ్నం గాలి లేస్తే పక్క గడ్డిని అందుకుంటుంది. నీళ్లు పోసి, కట్టెతో కెలికి, మళ్లీ పోసి, అరచేయి వెనుక భాగానికి వేడి తగలనప్పుడే ఆరినట్టు. అంత ఓపిక ఉన్నవాడు అడవిలో కోడి వండడు.

రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు దగ్గర బండ్లను ఆపడం మరో అన్యాయం. తొమ్మిదీ నాలుగు నిమిషాలకు గేటు ముందు నిలబడి ‘మా బావ ఎవరో తెలుసా’ అంటే కర్ర లేవదు. అడవికి బావమరుదుల విలువ తెలియదు.

ఈ వ్యవస్థ మొత్తంలో వేళ పాటించే ఉద్యోగి కోతి ఒక్కటే. వానైనా ఎండైనా, ఐతారమైనా సోమారమైనా, రోడ్డు వంపులో కూర్చుని కారు అద్దం దిగే చప్పుడుకు చెవి ఒగ్గి ఉంటుంది. రేగుపండ్లు, తునికిపండ్లు ఏరుకునే పని మానేసి పిల్లలతో సహా తారు మీదికే మకాం మార్చింది. అరటిపండు విసిరి ఫొటో తీసుకుని మనం కదిలిపోతాం. పండు రోడ్డు మధ్యలోకి దొర్లుతుంది, పిల్లకోతి దాని వెంట పడుతుంది, వెనుక నుంచి లారీ వస్తుంది.