జ్వరం లేకపోతే నిమోనియా కాదని ఎవరు చెప్పారండీ?

చలి మొదలవగానే హైదరాబాద్ కాలనీ గ్రూపుల్లో మళ్ళీ అదే ఫార్వర్డ్. "102 జ్వరం లేకపోతే నిమోనియా కాదు. పది సెకన్లు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు భేష్. అనుమానముంటే ఆవిరి పట్టి మూడు రోజులు అజిత్రోమైసిన్ వేసుకోండి, ఆస్పత్రికెళ్తే ఐసీయూలో పడేస్తారు" అట. కింద వరుసగా దండాలు.

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది జ్వరం మాట. పెద్ద వయసువాళ్ళకి, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి, స్టెరాయిడ్లు వాడేవాళ్ళకి నిమోనియా ముదిరినా ఒళ్ళు కాలకపోవచ్చు, ఒక్కోసారి మామూలు కంటే చల్లబడుతుంది కూడా, దగ్గు సైతం అంతంతమాత్రమే. నిన్నటిదాకా పేపర్ చదివిన తాతయ్య ఇవాళ అన్నం వద్దంటాడు, మగతగా పడుంటాడు, బాత్రూంకి వెళ్తూ తూలిపడతాడు, కొడుకుని పట్టుకుని తమ్ముడి పేరుతో పిలుస్తాడు, ఇంట్లోవాళ్ళేమో వయసు మీదపడిందిలే అనుకుంటారు. తీవ్రత అంచనాకి డాక్టర్లు వాడే కర్బ్-65 లెక్కలో జ్వరానికి అసలు మార్కే లేదు! తికమకపడటం, రక్తంలో యూరియా పెరగడం, నిమిషానికి 30 లేదా అంతకు మించి శ్వాసలు, బీపీ పడిపోవడం, 65 నిండిన వయసు, ఈ ఐదే చూస్తారు.

ఊపిరి బిగబట్టే పరీక్ష కోవిడ్ నాటి పాత సరుకు. ఒకవైపు ఊపిరితిత్తి నిమ్ముతో నిండిన కుర్రాడూ పది సెకన్లు బిగబట్టగలడు. దానికి బదులు మనిషి ఊరికే పడుకున్నప్పుడు, చెప్పకుండా, నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టండి. అప్పట్లో కొన్న ఆక్సిమీటర్ బీరువాలో ఉంటే బ్యాటరీ మార్చి వేలికి పెట్టండి, 90 కిందికి దిగితే ఇక టీలు, ఆవిర్లు వద్దు. ఆవిరి ముక్కుదిబ్బడ వరకే.

ఇక అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ గురించి. నిమోనియాలో ఎక్కువగా కనిపించే న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియాలోనే దీనికి లొంగని రకాలున్నాయి, షుగర్, మద్యం అలవాటు ఉన్నవాళ్ళని పట్టే క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియా మీద దీన్ని నమ్ముకోలేం. పైగా సొంతంగా మింగి వెళ్తే, ఏ బ్యాక్టీరియానో పెంచి చూసే కల్చర్ పరీక్షలో బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు, డాక్టర్ చీకట్లో మందు ఎంచుకోవాలి.

ఐసీయూ బిల్లు భయం మాత్రం నిజమైనదే, దాన్ని నేను వెటకారం చెయ్యను. కానీ నిమోనియా అన్న ప్రతివాళ్ళనీ చేర్చుకోరు. కర్బ్-65లోని ఆ ఐదింటిలో సున్నా, ఒకటి వస్తే చాలామందికి ఇంట్లోనే మందులు సరిపోతాయి, మూడు దాటితే అప్పుడు ఐసీయూ ఆలోచన. తేలిగ్గా ఉన్నప్పుడు దగ్గర్లోని బస్తీ దవాఖానాలో చూపించుకోండి. ఆయాసం, తికమక కనిపిస్తే అక్కడా ఆగకుండా 108కి ఫోన్ చేసి గాంధీకో, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రికో తీసుకెళ్ళండి.