కెమెరా బాడీకి మార్కులు వేస్తే సరిపోదు
మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల ఆటోఫోకస్‌ను, అంటే తమంతట తామే ఫోకస్ కుదుర్చుకునే తీరును, పోల్చిన ఒక వ్యాసం చదివాను. అది బాడీలకే, అంటే లెన్సు మినహా మిగతా కెమెరాకే, మార్కులు వేసి, వాటికి తగిలించిన లెన్సుల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టింది. సెన్సరు దూరాన్ని ఎంత చురుగ్గా లెక్కగట్టినా, ఆ లెక్క ప్రకారం గాజును కదపవలసినది లెన్సులోని మోటారే.

ఫ్యూజీఫిల్మ్ లెన్సులనే తీసుకోండి. 2012లో వచ్చిన 35 ఎంఎం ఎఫ్1.4లో ఫోకస్ కోసం గాజు సముదాయమంతా ముందుకూ వెనక్కూ జరగాలి. 2021 నాటి 33 ఎంఎం ఎఫ్1.4లో లోపలి భాగం మాత్రమే లీనియర్ మోటారుతో (గాజును తిప్పకుండా నేరుగా జరిపే మోటారుతో) కదులుతుంది. అందువల్ల ఒకే బాడీకి ఈ రెండింటినీ మార్చి మార్చి బిగిస్తే, పాతది గరగరలాడుతూ తడుముకునే చోట కొత్తది చప్పుడు లేకుండా కుదురుకుంటుంది. (పాతదాని బొమ్మలోని అందం నాకు ఇప్పటికీ ఇష్టమే, అది వేరే సంగతి.)

బాడీల తేడా లేదని కాదు. పానాసోనిక్ లుమిక్స్ శ్రేణి చాలాకాలం కాంట్రాస్ట్ పద్ధతినే (లెన్సును ముందుకూ వెనక్కూ కదుపుతూ బొమ్మ ఎక్కడ స్పష్టంగా ఉందో వెతకడాన్నే) నమ్ముకుని, వీడియోలో నేపథ్యం ఊగుతోందన్న విమర్శలు ఎదుర్కొన్నాక, 2023లో ఎస్5 టూ కెమెరాతో ఫేజ్ డిటెక్షన్‌కు (లెన్సు ఎటు, ఎంత కదలాలో నేరుగా లెక్కగట్టే పద్ధతికి) మారింది.

అయినా ఆ వ్యాసం ఫోకస్ పాయింట్ల (ఫ్రేములో కెమెరా ఫోకస్ పట్టగల చోట్ల) సంఖ్యను బట్టి విజేతను తేల్చడం నాకు సబబుగా తోచలేదు. తలంబ్రాలు పోసుకునేటప్పుడు బియ్యం ముఖాలకు అడ్డం పడుతున్నా కంటిని వదలకుండా పట్టుకోగలగడం, నా దృష్టిలో, ఏ చార్టుకన్నా కఠినమైన పరీక్ష. ఏ లెన్సు, ఏ అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే ద్వారం వెడల్పు), ఎంత వెలుతురు అన్న వివరాలను పట్టికలో చేర్చవలసిందిగా రచయితను కోరుతున్నాను.